తడిక అవతల

వేడి మీటరును ఎక్కడ తగిలించాలన్న దగ్గర తగాదా పడని ఆఫీసు ఆ రోజుల్లో లేదు. పనిచేసే గదిలో వేడి ముప్పై నాలుగు డిగ్రీలు దాటితే పని ఆపి మనుషుల్ని ఇళ్ళకు పంపాలని చట్టం రాసినవాళ్ళు రాశారు గానీ, గదిలో ఏ మూల కొలవాలో రాయడం మరిచిపోయారు. ఇంకేముంది, ఆఫీసరుగారు మీటరును తాగేనీళ్ళ కుండ వెనక మేకుకు తగిలించేవారు. ఆయన కాఫీకి లేవగానే గుమాస్తాలు దాన్ని తెచ్చి పడమటి కిటికీ ఊచకు కట్టేవారు. పదకొండింటికి మీటరు చూసి సంతకం పెట్టడానికి వచ్చే తనిఖీదారు పాపం ముందు మీటరు కోసం గదంతా వెతుక్కునేవాడు.

ఈ తగాదాలు చెవిన పడినప్పుడల్లా వకుళకు నవ్వొచ్చేది, ఆ వెంటనే వాళ్ళ నాన్న గుర్తొచ్చేవాడు. ఏడుకొండలుకు మీటరూ లేదు, మేకూ లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గది మధ్యలో నాపరాయి మీద ఉత్తకాళ్ళతో నిలబడి, రెండు క్షణాలు కళ్ళు మూసుకునేవాడు. "ఇంకో నాలుగు డబ్బాలు పడాల" అని తేల్చేసి బయటికి పోయేవాడు. ఆ నాలుగు డబ్బాల నీళ్ళూ తడిక మీద పడ్డాక గుమాస్తాలు మెడ మీది తువ్వాళ్ళు తీసి కుర్చీలకు వేసుకునేవారు. ఆ లెక్క ఎన్నడూ తప్పింది లేదు.

పల్నాడులో ఒక పాత తాలూకా కచేరీ అది. ఉగాది నుంచి తొలకరి దాకా అక్కడ వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. పడమటి వరండా వైపు మూడు గుమ్మాలకు మూడు తడికలు. వాటిని పొద్దస్తమానం తడుపుతూ ఉండడానికి ఏటా నాలుగు నెలలకని ఒక మనిషిని పెట్టుకునేవారు. ఆ మనిషే ఏడుకొండలు. బావిలో నీళ్ళు తోడి తొట్టి నింపడం, చిల్లుల డబ్బాతో తడికల మీద పోయడం, ఆరిందనిపిస్తే మళ్ళీ పోయడం, ఇదీ ఉద్యోగం. వేసవి సెలవుల్లో కూతుర్ని వెంట తీసుకుపోయేవాడు. హెడ్డు గుమాస్తా మంచివాడే, నడిమి గుమ్మం పక్కన తన బల్ల కింద పిల్లను కూర్చోనిచ్చేవాడు. బలపంతో నాపరాళ్ళ మీద బొమ్మలు గీసుకుంటూ, తడి వట్టివేళ్ళ వాసన పీల్చుకుంటూ వకుళ ఆరు వేసవులు అక్కడే గడిపింది. లోకంలో ఇంకెక్కడా అంత చల్లదనం లేదని అప్పుడు అనుకుంది. అరవై రెండేళ్ళు వచ్చాక కూడా ఆ మాట మార్చుకోవలసిన అవసరం ఆమెకు రాలేదు.

ఇప్పుడు ఆ చల్లదనమే ఆమె బతుకుతెరువు అయింది. గుంటూరు శివార్లలో ఉన్న పరిశోధనాలయంలో వకుళ నరాల శాస్త్రవేత్త. ఆమె చేతికింద పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న సుభానీతో కలిసి చలవ పట్టీ అనేదాన్ని తయారుచేసింది. వేలెడంత వెడల్పు పట్టీ, మెడ వెనక అంటించుకోవాలి. మనిషి ఒకప్పుడు అనుభవించిన చల్లదనం మెదడులో ఎక్కడో దాగి ఉంటుంది కదా, పట్టీ దాన్ని తట్టి లేపుతుంది. లేచిన జ్ఞాపకం ఒళ్ళంతా పాకుతుంది. గది మండిపోతూనే ఉంటుంది, మనిషికి మాత్రం తెలియదు.

ఇదంతా ఎందుకంటే, కరెంటు కోటా వచ్చాక ఏసీలు ఆసుపత్రులకూ శీతల గిడ్డంగులకూ తప్ప ఎవరికీ లేవు. చట్టం పుణ్యమా అని మార్చి నుంచి జూన్ దాకా ఆఫీసులన్నీ పదకొండింటికే తాళాలు వేసుకుంటున్నాయి. ఫైళ్ళు అటకలెక్కుతున్నాయి. పింఛను కాగితం కోసం, పట్టా కోసం వచ్చినవాళ్ళు మూసిన తలుపుల ముందు ఎండలో నిలబడుతున్నారు. కార్మిక శాఖ కార్యదర్శి శరభయ్యగారు ఆ వరుసల్ని చూసి నిజంగానే బాధపడ్డాడు. ఆయన చెడ్డవాడేం కాదు. చట్టాన్ని ఎత్తివేయమని ఆయన అడగలేదు, కొలత మార్చమన్నాడు. గోడకు ఎంత వేడెక్కిందన్నది కాదు, మనిషికి ఎంత వేడి తెలుస్తోందన్నది చూడాలన్నాడు. మనిషికి చల్లగా ఉంటే పని నడవొచ్చు. వకుళ బృందం పట్టీ పనిచేస్తుందని ధ్రువపత్రం ఇస్తే సవరణ ముసాయిదా సిద్ధంగా ఉంది.

మొదట్లో ఎవరి జ్ఞాపకం వారికే వాడి చూశారు. సుభానీ పట్టీ పెట్టుకుని ముప్పై ఎనిమిది డిగ్రీల గదిలో కూర్చుంటే చిన్నప్పుడు వానలో తడిసిన చల్లదనం వచ్చింది, దాంతోపాటు ఆ వానకు వచ్చిన జలుబూ వచ్చింది. గంటసేపు తుమ్మాడు. ఇరవై అయిదేళ్ళ పిల్లలతో ఇంకో చిక్కు. వాళ్ళకు తెలిసిన చల్లదనం ఏసీదే. అది లేచేసరికి కరెంటు పోతుందేమోనన్న గుబులు కూడా లేచి కూర్చునేది. నిబ్బరంగా, భయం కలవకుండా, గంటల తరబడి నిలిచే చల్లదనం ఎవరి దగ్గరుందని వెతగ్గా వెతగ్గా అది వకుళ దగ్గరే దొరికింది. ఆమె తలలోంచి దాన్ని నకలు తీశారు. తీస్తున్నప్పుడు గది బయట తెర మీద గీతలు చూస్తూ సుభానీ, ఇంత నున్నటి గీత తాను ఎప్పుడూ చూడలేదన్నాడు. వకుళ సిగ్గుపడింది. నాన్న పనితనాన్ని ఒకరు మెచ్చుకున్నట్టు ఆమెకు సంతోషం కలిగింది.

తీసిన జ్ఞాపకంలో పిల్ల వకుళ బల్ల కింద కూర్చుని ఉంటుంది, బయట నీళ్ళు పడుతుంటాయి, కాసేపటికి నిద్ర ముంచుకొస్తుంది. నిద్ర దగ్గరికి రాగానే పట్టీ మళ్ళీ మొదటికి తిరిగేట్టు పెట్టారు. గదిలో ఉంచిన ఒక చిన్న పెట్టె ఆ తిప్పే పని చూసుకుంటుంది. ఒకటే నియమం, వకుళ మాత్రం ఆ పట్టీ పెట్టుకోకూడదు. నకలు వెళ్ళి అసలు మీదే పడితే అసలు అరిగిపోతుంది. ఇతరులకైతే అది కొత్త అనుభవం, ఆమెకు మాత్రం ఉన్నది పోతుంది. ఈ సంగతి సుభానీ ఆమెకు రెండుసార్లు చెప్పాడు, ఆమె రెండుసార్లూ తల ఊపింది. నాన్నవి ఆమె దగ్గర ఫొటోలు కూడా లేవు మరి.

పరీక్షకు చట్టం నుంచి మినహాయింపు తీసుకుని, ఊళ్ళోని ఒక పాత దస్త్రాల ఆఫీసును ఎంచుకున్నారు. హాల్లో ముప్పై ఒక్క మంది పనిచేస్తారు, పెరట్లో రేకుల షెడ్డు ఉంది, దాంట్లో వందేళ్ళ దస్త్రాలు. అందరి మెడలకూ పట్టీలు అంటించారు. హాల్లో వేడి ముప్పై ఎనిమిది దాటకుండా చూసుకున్నారు, అరగంటకోసారి గంట కొట్టి అందరిచేతా నీళ్ళు తాగించారు. పది వారాలు గడిచాయి, ఒక్కరికి తలనొప్పి కూడా రాలేదు. సాయంత్రం అయిదింటిదాకా పని జరిగింది. ఎనిమిదేళ్ళుగా కదలని ఫైళ్ళు కదిలాయి. మీటరును కుండ వెనక పెట్టినా కిటికీకి కట్టినా ఎవరికీ పట్టలేదు.

వకుళ వారానికోసారి వెళ్ళి ఒక మూల కూర్చునేది. ఆమెకు అదొక పండగలా ఉండేది. మనవల వయసు గుమాస్తాలు తలెత్తి గట్టిగా ఊపిరి పీల్చేవారు. ఆ వాసన ఏమిటి మేడమ్ అని అడిగేవారు. వట్టివేళ్ళ వాసన అని ఆమె చెప్పేది. తాము పుట్టకముందే పోయిన వేసవుల్ని ఆ పిల్లలు తనతోపాటు చూస్తున్నారన్న మాట ఆమెను ఊరుకోనిచ్చేది కాదు. బావి గిలక చప్పుడు గురించీ, తడిక మీద వాలే తేనెటీగల గురించీ, మధ్యాహ్నం నాన్నా తనూ తొట్టి పక్కన కూర్చుని తిన్న చద్దన్నం గురించీ ఒకటే చెప్పుకుపోయేది. పనిమీద వచ్చిన సంగతి మరిచిపోయిన రోజులున్నాయి.

ఆ ఆఫీసులో మార్తమ్మ అటెండరు. యాభై ఏళ్ళుంటాయి. హాల్లోవాళ్ళు అడిగిన దస్త్రాన్ని షెడ్డులోంచి వెతికి తేవడం ఆమె పని. ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది, లోపలికి చెప్పులతో ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో ఒక పెద్దాయన పెట్టిన పద్ధతి, మతంతో పని లేకుండా అందరూ పాటిస్తారు. పెరడు సిమెంటుది, ఎండాకాలం పెనంలా కాలుతుంది. అంచేత మార్తమ్మ హాలు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని పెరడు దాటి, షెడ్డు గడప దగ్గర వాటిని విడిచి, వచ్చేటప్పుడు మళ్ళీ తొడుక్కునేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే అలవాటు.

పదకొండో వారంలో ఒక బుధవారం మూడింటికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వకుళా సుభానీ వెళ్ళేసరికి మార్తమ్మను హాల్లో బల్ల మీద పడుకోబెట్టి తడిగుడ్డలు కప్పారు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. ఒంటిగంటకు ఏదో దస్త్రం కోసం వెళ్ళిన మనిషి రెండుగంటలపాటు ఆ షెడ్డులోనే ఉండిపోయింది. రేకుల కింద నలభై తొమ్మిది డిగ్రీలు. వెతుక్కుంటూ వెళ్ళిన గుమాస్తాకు ఆమె కింద కూర్చుని తాపీగా కట్టలు సర్దుతూ కనిపించిందట, ముఖాన చిరునవ్వుతో. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి చిట్లిపోయాయి. చెప్పులు చూస్తే హాలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. చల్లగా ఉన్న కాళ్ళకు చెప్పులు తొడగాలన్న సంగతే ఆమెకు తోచలేదు.

ఆ పాదాలు చూడగానే వకుళకు నాపరాయి మీద ఉత్తకాళ్ళతో నిలబడిన నాన్న గుర్తొచ్చాడు. అరికాళ్ళతో వేడిని కొలిచిన మనిషి కూతురు తను. తను చేసిన వస్తువు ఒకామె అరికాళ్ళకు అబద్ధం చెప్పింది. హాలంతా కొలిచాం, నీళ్ళు తాగించాం, పెరట్లోకి వెళ్ళొచ్చే మనిషి ఒకతె ఉందని పది వారాలుగా చూస్తూ కూడా లెక్కలోకి తీసుకోలేదని సుభానీతో అంది. ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది.

ఆసుపత్రిలో నాలుగోరోజుకు మార్తమ్మ తేరుకుంది. వకుళ పండ్లు తీసుకుని వెళ్ళి, తప్పు తనదేనని చెప్పింది. మార్తమ్మ ఆ మాట విననట్టే ఉంది. ఆమె మనసులో ఇంకేదో ఉంది. చుట్టూ చూసి మంచం పక్కకు రమ్మంది.

"అమ్మా, ఆ నీళ్ళు పోసే ఆయన ఎవరమ్మా?"

తన తండ్రి అని వకుళ చెప్పింది.

"అయ్యో," అంది మార్తమ్మ. వకుళ చెయ్యి పట్టుకుని, "ఆయన పడిపోయాడమ్మా. నేను షెడ్డులో ఉండంగా విన్నా. నీళ్ళు ఆగిపోయినయ్. డబ్బా దొర్లిన చప్పుడు. ఎవరూ లేసి పోలా. నేను ఇట్టా కూసోనుండానే, లెగలేకపోతినే అనుకున్నా" అంది.

వకుళ నమ్మలేదు. వాళ్ళ నాన్న వడదెబ్బతో పోయాడు, నిజమే. కానీ ఆయన పడింది దారిలో. పని అయ్యాక ఇంటికి నడిచివస్తూ రోడ్డున పడిపోయాడని అమ్మ చెప్పింది. కచేరీ వాళ్ళు రాసిన కాగితంలో కూడా ఇతను కచేరీ బయట పడ్డాడు, మాకు సంబంధం లేదు అని ఉంది. ఆ రోజు తొమ్మిదేళ్ళ వకుళ ఎదురింటి వాళ్ళ మంచం మీద నిద్ర లేచింది. తనను కచేరీ నుంచి ఎవరు ఎత్తుకొచ్చారో ఎప్పుడూ అడగలేదు. తన జ్ఞాపకంలోని చల్లటి రోజు ఏదో ఒక మామూలు వేసవి రోజని అన్నేళ్ళూ అనుకుంది.

సుభానీ పరిశోధనాలయంలో పట్టీ విప్పి చూసి, మార్తమ్మ విన్నది నిజమయ్యే అవకాశం ఉందని చెప్పాడు. తిప్పే పెట్టె ఉన్నది హాల్లో. షెడ్డు దాకా దాని అందుబాటు లేదు. అక్కడికి వెళ్ళాక మార్తమ్మ పట్టీలో జ్ఞాపకం మొదటికి తిరగకుండా ముందుకు సాగిపోయింది, వకుళ నిద్రలోకి. నిద్రపోతే కళ్ళు మూసుకుంటాయి గానీ చెవులు మూసుకోవు కదా మేడమ్ అన్నాడు. తాను పెట్టుకుని విని చెప్తానని కూడా అన్నాడు.

వకుళ రెండురోజులు ఆలోచించింది. ధ్రువపత్రం మీద సంతకానికి శరభయ్యగారు పెట్టిన గడువు సోమవారం. మార్తమ్మ సంగతి ఆయనకు రాసి పంపితే, పట్టీ హాలు దాటి పనిచేయకుండా ఏర్పాటు చేస్తే సరిపోతుంది కదా అని జవాబిచ్చాడు. చట్టంలో ఆఫీసు అంటే నాలుగు గోడల మధ్య ఉన్న చోటు, షెడ్డు దాంట్లోకి రాదు అని కూడా రాశాడు. ఆ వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది. యాభై మూడేళ్ళ క్రితం కచేరీ వాళ్ళు తమ కాగితంలోంచి అమ్మకు చదివి వినిపించింది దాదాపు ఆ వాక్యమే. వరండా కచేరీ లోపలా, బయటా? తడికకు అవతల నిలబడినవాడు ఏ లెక్కలోకి వస్తాడు? ఇది ఇంకొకరు విని చెప్తే తను సాక్ష్యం చెప్పడానికి కుదరదు. ఇంకొకరి నోట వినడం ఆమె వల్ల కూడా కాదు.

ఆదివారం పొద్దున్నే సుభానీని వెంటబెట్టుకుని దస్త్రాల షెడ్డుకు వెళ్ళింది. గడప దగ్గర చెప్పులు విడిచింది. అతను ఆఖరిసారి హెచ్చరించాడు. "మేడమ్, విన్నాక ఆ చల్లదనం మీకు ఉండదు. వాసన ఉండదు. ఉందని తెలుస్తుంది, అంతే."

"పెట్టు నాయనా," అంది వకుళ. మెడ వంచింది.

వట్టివేళ్ళ వాసన ముందు వచ్చింది. ఆ తరువాత చెంపలకు గాలి, కాళ్ళ కింద నాపరాయి. తొమ్మిదేళ్ళ తన చేతిలో బలపం ముక్క. యాభై మూడేళ్ళుగా తలచుకుంటూ ఉన్నది ఇంత కొత్తగా ఉంటుందని ఆమె అనుకోలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. గుమాస్తాలు ఆరోజు చొక్కాలకు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నారు, గొంతులు తగ్గించి మాట్లాడుతున్నారు. జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. హెడ్డు గుమాస్తా తడిక దగ్గరికి వచ్చి బయటికి చెప్పాడు: "ఏడుకొండలూ, ఆపమాక. అయ్యగారు మూడు దాకా ఉంటారు." బయటి నుంచి అట్టాగేనండి అన్న మాట. నీళ్ళు ఎడతెగకుండా పడుతున్నాయి. మామూలు రోజున మధ్యమధ్య ఆగి నాన్న చెట్టునీడకు వెళ్ళేవాడు, బీడీ కాల్చుకునేవాడు. ఆ రోజు ఆగలేదు. తన బతుకులోకెల్లా చల్లటి రోజు అంత చల్లగా ఎందుకుందో వకుళకు అప్పుడు అర్థమైంది.

పిల్లకు కళ్ళు మూతలు పడుతున్నాయి. తడిక అవతల నుంచి, పెదాలు దానికి ఆనించి మాట్లాడినట్టు, నాన్న గొంతు వచ్చింది.

"పాపా, సల్లగుందా?"

"చాల్లేదు. ఇంకా పొయ్యి నాన్నా."

మూడు డబ్బాలు పడ్డాయి. నాలుగోది సగంలో ఆగింది. డబ్బా నాపరాళ్ళ మీద దొర్లింది, దాని వెంట బరువుగా ఏదో పడింది. లోపల ఎవరో చప్పుడు చెయ్యొద్దు, అయ్యగారున్నారు అని కసిరారు. అంతే. కలాలు గీసుకుంటున్న చప్పుడు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తడిక నిండా తడే, గదినిండా చల్లదనమే, లేవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. చాలాసేపటికి వేడిగాలి ఒకటి లోపలికి కొట్టింది. తడిక ఆరింది. హెడ్డు గుమాస్తా విసుక్కుంటూ కుర్చీ జరిపి లేచాడు, ఎక్కడ చచ్చాడు వీడు అంటూ. ఆ తరువాత అతని గొంతు మారిపోయింది.

పట్టీ తీశాక వకుళ షెడ్డు నేల మీద కూర్చుండిపోయింది. సుభానీ నీళ్ళు ఇస్తే తాగింది. విన్నవన్నీ ఒకదాని తరువాత ఒకటి చెప్పి అతనిచేత రాయించింది, తేదీ వేయించింది. రాయించడం పూర్తయ్యాక గాలి గట్టిగా పీల్చి చూసింది. పాత కాగితాల దుమ్ము వాసన వచ్చింది. కళ్ళు మూసుకుని తడికను తలచుకుంది. తడిక అన్న మాట వచ్చింది, తడిక రాలేదు.

సోమవారం, సవరణ ముసాయిదా మీద కూర్చున్న విచారణ సంఘం ముందు ఆమె ధ్రువపత్రం ఇవ్వలేదు. శరభయ్యగారు మర్యాదగానే అడిగాడు. పట్టీ పనిచేస్తోందా లేదా? చాలా బాగా పనిచేస్తోందని ఆమె చెప్పింది. మరి అభ్యంతరం ఏమిటన్నాడు. వకుళ తన తండ్రి సంగతి మొదటినుంచీ చెప్పింది. తను ఇంకా పొయ్యి నాన్నా అన్న మాటను కూడా దాచలేదు.

"మా నాన్న పడిన సంగతి లోపలివాళ్ళకు ఎట్లా తెలిసిందండీ? తడిక ఆరింది కాబట్టి. ఆరి వేడి లోపలికి వచ్చింది కాబట్టి ఒకాయన లేచి బయటికి చూశాడు. నేను చేసిన పట్టీ ఆరదు. దాన్ని పెట్టుకుని కూర్చున్న గదిలోంచి ఎవరూ ఎప్పటికీ లేచి చూడరు. బయట నలభై తొమ్మిది డిగ్రీల్లో ఎవరున్నా, మీరు చల్లగా ఉందనే రాస్తారు. మీరు మంచివాళ్ళే. ఆ హెడ్డు గుమాస్తా కూడా మంచివాడే."

శరభయ్యగారు ముసాయిదా కాగితాలు మూసి పక్కన పెట్టాడు. ఫైళ్ళ సంగతి, ఎండలో వరుసల సంగతి ఏం చేద్దామని అడిగాడు, ఈసారి కార్యదర్శిలా కాక ఒక పెద్దమనిషిలా. తెల్లవారి అయిదింటి నుంచి పది దాకా పని పెట్టండి, పాతకాలంలో బడులు అట్లా నడిచేవి అంది వకుళ. కొలత మాత్రం గోడదే ఉంచమంది. మేకు చోటు మార్చమంది.

అది ఒక్కరోజులో అయిన పని కాదు. సంఘాలు కూర్చున్నాయి, లేచాయి, ఎవరో అడ్డుపడ్డారు, ఇంకెవరో వెటకారం చేశారు. మరుసటి ఏడాది మార్చికి గానీ కొలత నియమం మారలేదు. ఆ ఆఫీసు పనిమీద ఏ మనిషైనా నిలబడవలసిన చోట్లన్నిటిలోకీ ఎక్కడ ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ మీటరు తగిలించాలి, అది గోడల లోపలైనా బయటైనా సరే, అని రాశారు. దస్త్రాల ఆఫీసులో మీటరు షెడ్డు గడప పక్కన మేకుకు ఎక్కింది. ఆఫీసరుగారు దాన్ని చూడాలంటే పెరడు దాటి ఎండలో నడవక తప్పలేదు. చలవ పట్టీలను పెట్టెలో పెట్టి సీలు వేశారు. సుభానీ వాటిని ఒళ్ళు కాలిన రోగులకు పనికివచ్చేట్టు మార్చే పనిలో పడ్డాడు.

ఆ మార్చిలోనే ఒక పొద్దున వకుళ మార్తమ్మ ఇంటికి వెళ్ళింది. పాదాలు మానాయి, నడకలో కాస్త జంకు మిగిలింది. కొత్త నియమం గురించి చెప్తే మార్తమ్మ సంతోషించి, మా ఆఫీసరు రోజూ నా దగ్గరకొచ్చి చెమటలు కక్కుకుంటా మీటరు చూస్తన్నాడమ్మా అని నవ్వింది. టీ తెచ్చి ఇచ్చింది. వకుళ కప్పు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. వచ్చిన పని ఇంకొకటి ఉంది, ఎట్లా అడగాలో తెలియడం లేదు.

నాకు ఆ రోజు పోయింది మార్తమ్మా, అని చివరికి చెప్పింది. కాగితం మీద రాసుకున్నది ఉంది, చదువుకుంటే తెలుస్తుంది. వాసన లేదు, గొంతు లేదు. నేను ఇంకా పొయ్యమన్నానన్న ఒక్క మాట మాత్రం పోకుండా పట్టుకుంది. అది తలచుకుంటే నిద్ర రావడం లేదు.

మార్తమ్మ కప్పు కింద పెట్టి దగ్గరికి జరిగింది. "నా దగ్గరుందిగా అమ్మా. ఏదీ పోలా. పదకొండు వారాలు రోజూ విన్నా, షెడ్డులో ఆఖరు దాకా విన్నా. నీళ్ళు పోసేముందు ఆయన తడికను కిందికంటా తడిమేవాడు, నువ్వు ఏ పక్క కూసున్నావో చూసుకోను. ముందు అక్కడే పోసేవాడు, తర్వాతే మిగతా తడికంతా. ఆఖరు డబ్బాకూ అంతే."

"నేను అడగకపోతే కాసేపు ఆగేవాడేమో."

"ఆగేవాడు కాదు. పైవాళ్ళు చెప్పారుగా. నువ్వు ఇంకా పొయ్యి నాన్నా అన్నావు చూడు, ఆయన నవ్వాడమ్మా."

వకుళ తలెత్తింది. సుభానీచేత రాయించిన కాగితంలో నవ్వు లేదు. ఆ ఆదివారం ఆమె చెవులు డబ్బా చప్పుడు కోసమే కాచుకుని ఉన్నాయి.

"నవ్వాడా?"

"నవ్వాడు. రొప్పుతానే నవ్వాడు. నీ మాటకు మురిసిపోయినట్టు."

వకుళ టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని, మొదటినుంచీ చెప్పమని అడిగింది. మార్తమ్మ వట్టివేళ్ళ వాసన దగ్గర మొదలుపెట్టింది.